బయమ్మ పక్క చేలో ట్రాక్టరు

డ్యూటీకి బయలుదేరేలోగా అమ్మ సాధింపుకు ఏదో ఒక దారి చూడాలి. ఆ రోజు పొద్దున వంశీ అనుకున్నది ఇంతే.

కణేకల్ దగ్గరి మెట్టచేలో బోరు ఎండిపోయాక బయమ్మ గుంతకల్లులోని కొడుకు క్వార్టర్స్‌కు వచ్చేసింది. ఊరికే కూర్చోవడం ఆమె వల్ల అయ్యే పని కాదు. ఆ వీధికి ఇంటర్నెట్ అప్పుడప్పుడే వచ్చింది. కాలక్షేపానికని వంశీ ఆమెకు కంప్యూటరులో వ్యవసాయం ఆట నేర్పాడు. అందులో దున్నాలి, విత్తాలి, కోయాలి. అన్నీ మౌస్‌తో నొక్కడమే. నీళ్లకు కరువు లేని చేను చేతికి దొరకడంతో బయమ్మ చెలరేగిపోయింది. నెల తిరక్కుండా ఆమె చేను కళకళలాడసాగింది. చిక్కల్లా పక్క చేనుతోనే. ఆటలో అది వంశీ పేరు మీదుంది, బీడు పడి ఉంది.

"నా గట్టు పక్కనే నా కొడుకు చేను బీడు పెట్టుకుంటే దావన పోయేటోళ్లు ఏమనుకుంటార్రా? యాడ తలెత్తుకునేది?" అని రోజూ పోరు.

కంప్యూటర్ల విషయంలో తన అంతటివాడు గుంతకల్లులోనే లేడని వంశీకి గట్టి నమ్మకం. తనంతట తానే ఆట ఆడేసే ప్రోగ్రామొకటి సంపాదించాడు. తీరా చూస్తే అది మౌస్‌ను లాగేసుకుంటోంది, అమ్మ ఆడుకోవడానికి వీల్లేదు. అందుకని కంప్యూటరు లోపలే ఉత్తుత్తి కంప్యూటరు ఇంకొకటి తయారుచేసి, ప్రోగ్రామును దాంట్లో కూర్చోబెట్టాడు. దాని మౌస్ దానిది, అమ్మ మౌస్ అమ్మది. యంత్రాలతో ఆడించేవాళ్లను ఆట కంపెనీ కనిపెట్టి చేను మూసేస్తుంది. కాబట్టి అచ్చం మనిషిలా నడుమ నడుమ ఆగేట్టు, అప్పుడప్పుడు తప్పుచోట నొక్కేట్టు కూడా అమర్చాడు. ఆ ఉత్తుత్తి కంప్యూటరు విండోను తెర అడుగున దాచేసి, అమ్మకు ఒక్క ముక్క చెప్పకుండా, ఛాతీ విరుచుకుని డ్యూటీకి వెళ్లాడు.

పొద్దెక్కాక వంశీ పై ఆఫీసరు గంగాధరప్ప టేబుల్ మీది ఫోను మోగింది.

"సారూ, నేను వంశీ వాళ్లమ్మను. మా వాని సెల్లు పలకల్యా. వాని చేలో ఎవుడో ట్రాక్టరు దింపినాడు. దున్నేసి ఇత్తనం గూడా ఏస్తాండాడు!"

గంగాధరప్పది పామిడి. పెన్న ఒడ్డున తాతలనాటి భూమి కోసం ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరిగినవాడు. ఊళ్లో లేనివాళ్ల చేను దున్నుకుని, ఆనక అనుభవం మాదేననే మనుషుల సంగతి ఎత్తితేనే ఆయనకు ఒళ్లు మండుతుంది.

"ఏమప్పా వంశీ, నువ్వీడ ఫైళ్లు తిరగేస్తాంటే ఆడ నీ భూమి పోతాండాది! ఇయ్యాల ఇత్తనం ఏసినోడు రేపు పట్టా అడుగుతాడు. సెలవు రాసిచ్చి లెయ్యి. నా జీపులో పోదాం."

కణేకల్ దగ్గరి మెట్టచేనే అనుకున్నాడు వంశీ. కణేకల్లో ఉన్న మేనమామ తిప్పయ్యకు ఫోన్ చేశాడు. తిప్పయ్య విన్నది సగమే. కట్టెలు పట్టిన మనుషులను ట్రాక్టరు నిండా ఎక్కించుకుని చేను కాడికి బయలుదేరాడు. గంగాధరప్ప కూడా ఎందుకైనా మంచిదని తెలిసిన లాయరొకాయన్ను దారిలో జీపెక్కించుకున్నాడు.

బయమ్మను కూడా తీసుకుపోదామని క్వార్టర్స్ దగ్గర ఆగారు. ఆమె కొంగు నడుముకు బిగించి కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. చెయ్యి మౌస్‌ను వదలడం లేదు.

"రామ్మా, చేను కాడికి పోదాం."

"యాడికిరా? చేను ఈడుండాది గదా!" అని బయమ్మ తెర చూపించింది. "ఆ దొంగ సచ్చినోడు నా చేను మీదికి గూడా వస్తాడేమోనని పొద్దున్నుంచి కోస్తాండా, మళ్ల ఇత్తుతాండా. గుక్కెడు నీళ్లు గూడా తాగల్యా."

అంతలో తిప్పయ్య ఫోను. "వంశీ, ఈడ ఎవుడూ ల్యాడురా. గొర్రెలు మేస్తాండాయి. వాట్ని కొట్టల్లా?"

లాయరు తలెత్తి పైకప్పు చూడసాగాడు. ఆఫీసరు ముందు పరువు పోయిందంటే సర్దుకోవచ్చు, అమ్మ ముందు పోతే ఎట్లా? అయినా వంశీకి ఇక దాచే దారి లేకపోయింది.

"ఆ దున్నేది దొంగ కాదమ్మా. నేను పెట్టిన ప్రోగ్రాము. దీని లోపలే ఇంకో కంప్యూటరు ఉండాది, దాంట్లో నడుస్తాండాది."

బయమ్మ మొహం చిన్నబోయింది. "అంటే నువ్వు దున్నల్యా? మన చేను మనం చేసుకోల్యాక ఇంకోని చేతికిచ్చినావా?"

ఆ మాట వంశీకి సూటిగా తగిలింది. అప్పుడే తెర మీద ఎర్రటి అక్షరాలు ప్రత్యక్షమయ్యాయి. గంగాధరప్ప కళ్లజోడు సర్దుకున్నాడు.

"యంత్రంతో ఆడిస్తాండారని కనిపెట్టి చేను మూసేసినారంట."

"నాదేలే సార్. మూయనీ," అన్నాడు వంశీ తల దించుకుని.

"నీది కాదప్పా. మీ అమ్మది."

గంగాధరప్ప మిగతాది తెలుగు చేసి చదివాడు. "ఇంత వేగంగా, ఒక్క తప్పూ లేకుండా, ఒక్క క్షణం ఆగకుండా పనిచేయడం మనిషికి సాధ్యం కాదు. కాబట్టి ఈ చేను చేస్తున్నది యంత్రమేనని తేల్చాము."

అమ్మ ఏడుస్తుందేమోనని వంశీ భయపడ్డాడు. ప్రాణంగా పెంచుకున్న చేను మరి.

"మళ్ల ఒకసారి చదువు సారూ," అంది బయమ్మ. ఆయన చదివాడు. ఆమె నడుము నిటారుగా లేచింది. "మనిషికి చేతగాదని అనినారా?"

"అనినారమ్మా."

"వాళ్లు కణేకల్ ఆడోళ్లను చూసిండరులే."

వంశీ గుండె పొంగిపోయింది. ఇంతటి మనిషి కడుపున పుట్టి తాను చేసింది ఈ దొంగపనా అని సిగ్గు కూడా వేసింది. ఆమె మనిషేనని ఆ కంపెనీకి రాద్దామని కూర్చున్నాడు. బయమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

"ఏమీ రాయొద్దు. మంచిమాట అనినారు. అట్లే ఉండనీ."

"ఓడిపోయినోళ్లు సంబరపడిన తీర్పు నా ప్రాక్టీసులో ఇదే మొదలు," అన్నాడు లాయరు.

సాయంత్రం బయమ్మ దగ్గరుండి ఆ ప్రోగ్రామును తీసేయించింది. కొడుకు చేను తనే చేతిలోకి తీసుకుంది.

వారం తిరక్కుండా కంపెనీ దాన్ని కూడా మూసేసింది.