మెడ తిప్పని ఫ్యాను

ప్రతి ఇంట్లోనూ ఏ కంపెనీదో తెలియని పాత ఫ్యాను ఒకటి ఉండి తీరాలి! ఇంటి ప్లానుకి పర్మిషన్ ఇచ్చేటప్పుడే ఈ నిబంధన పెట్టాలని అధికారులకు నా మనవి. వంటగది ఉందా? ఉంది. బాత్‌రూము? ఉంది. అయోమయం ఫ్యాను? లేదు. అయితే ప్లాను వెనక్కి.

నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను.

ఈ మధ్యే మా పెదనాన్న పోయారు. పోయేముందు "ఫ్యాను వాడికివ్వండి" అన్నారట. ఆ వాడిని నేనే. దాని మీద ఇంకెవరికీ ఆశ లేదు కాబట్టి వాటాల గొడవ రాలేదు. ఇద్దరు మనుషులు ఆయాసపడుతూ తెచ్చి మా హాల్లో కిటికీ పక్కన దించారు. ఇత్తడి రెక్కలు, ఇనుప పంజరం, దుక్కలాంటి మోటారు. దాన్ని బిగించిన చెక్కబల్ల కూడా ఊడిరాక దాంతోపాటే వచ్చేసింది.

"ఆ మూల నా కుట్టుమిషనుది" అంది మా ఆవిడ. "ఆదివారం దాకా టైమిస్తున్నా. ఇదేంటో, ఉంచాలో తీసెయ్యాలో తేల్చండి."

తేల్చడమెంతసేపు? ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. అక్కడ మొదలైంది అదృష్టం!

నేను ఆపరేషన్ చేయించుకుని ఫోటో పెడితే బొటనవేలి బొమ్మతో సరిపెట్టిన చుట్టాలు ఫ్యానుకి పేరాలు పేరాలు రాశారు. ఓడలో వచ్చిందని మేనత్త. ఓడ కాదు, యుద్ధనౌక అని బావమరిది. మ్యూజియం సరుకు, చెయ్యి పెట్టొద్దని బ్యాంకులో పనిచేసే పిన్ని కొడుకు. పళ్ల డాక్టరుగా ఉన్న మా కజిన్ అయితే పంజరం జూమ్ చేసి చూసి, రెండు ఊచలు వంకర ఉన్నాయి, క్లిప్పు పెట్టించమన్నాడు. చెప్పండి, మీ ఏసీ ఏనాడైనా చుట్టాల్ని ఇలా కలిపిందా?

మా అమ్మాయి ఫోనులో వస్తువుని గుర్తుపట్టే యాప్ ఉంది. ఎదురుగా ఫోటో తీస్తే అది "వంటపాత్ర" అంది. పక్క నుంచి తీస్తే "జలాంతర్గామి భాగం" అంది. లైటు ఆపి తీస్తే "కోపంగా ఉన్న గుడ్లగూబ" అంది. నాకు మూడోది నచ్చింది.

పాత వస్తువుల షాపాయన మాత్రం ఒకటే మాట అన్నాడు. "పేరున్న రేకు చూపించండి, అప్పుడు మాట్లాడదాం."

రేకు ఉంది. రంగు కింద ఉంది. ఇక్కడ పెదనాన్న భార్య, మా పెద్దమ్మ గురించి చెప్పాలి. మిగిలిన రంగు పారేస్తే ఆవిడ ప్రాణం ఒప్పేది కాదు. గేటుకి ఆకుపచ్చ వేయిస్తే, డబ్బా అడుగున మిగిలింది ఫ్యానుకి. కిటికీలకి నీలం వేయిస్తే ఆ నీలం కూడా ఫ్యానుకే. స్టూలు, బకెట్టు, రేడియో, దేన్నీ వదల్లేదు. పెద్దమ్మ చేతిలో బ్రష్షు కనిపిస్తే పిల్లలం ఒక్కచోట నిలబడేవాళ్లం కాదు. నిలబడితే మాకూ వేస్తుందని భయం.

సరిగ్గా ఈ ఆనందంలో ఉండగా గ్రూపులో మా బాబాయ్ మెసేజ్ పడింది. "అది ఉన్న ఇంటి గడప నేను తొక్కను."

బాబాయ్ అంటే నాకు సైకిలు నేర్పిన మనిషి. అన్నదమ్ములంతా ఒకే ఇంట్లో ఉన్న రోజుల్లో, వేసవి మధ్యాహ్నం హాల్లో ఉన్నది ఈ ఒక్క ఫ్యానే. దీనికి నడిచే అలవాటుండేది. స్విచ్చి వేస్తే వణుక్కుంటూ వచ్చి బల్ల అంచున నిలబడేది. అందుకే మా తాతయ్య మరలు వేసి బల్లకి బిగించేశాడు. ఆ తర్వాత గాలి మొత్తం పెదనాన్న పడక్కుర్చీ మీదికే. మిగతా వాళ్లకి చప్పుడు.

"మెడ తిప్పు అన్నయ్యా" అనేవాడు బాబాయ్.

"అది తిరగదురా. వచ్చి నా కుర్చీలో కూర్చో."

"నీ కుర్చీ నాకెందుకు? చిన్నప్పుడు అది తిరగడం నా కళ్లతో చూశాను."

అదీ అసలు మంట. కళ్లారా చూసినదాన్ని అన్నయ్య లేదంటున్నాడు. గాలి కోసం అబద్ధమాడేవాడు ఇంకెన్ని ఆడతాడు? ఒక వేసవిలో మాటలు ముదిరి బాబాయ్ వేరుకాపురం పెట్టేశాడు. పెదనాన్న పోయినప్పుడు కూడా వీధిలోనే నిలబడి వెళ్లిపోయాడు. ఇప్పుడు ఫ్యాను ఉంచుకుంటే నాకు బాబాయ్ లేడు. తీసేస్తే, నన్నే తలుచుకుని పోయిన పెదనాన్న లేడు. ఇంతటి సంక్షోభాన్ని రిమోటుతో నడిచే మీ ఫ్యాన్లు ఇవ్వగలవా?

శనివారం మా ఆవిడ కొంగు బిగించింది. థిన్నరు, పాత టూత్‌బ్రష్షు, స్క్రూడ్రైవరు పట్టుకుని కూర్చుంది. ఆకుపచ్చ ఊడింది. కింద నీలం. దాని కింద గోధుమరంగు. కింద మళ్లీ ఆకుపచ్చ.

"అది పాత గేటు" అన్నాను గర్వంగా.

చివరికి రేకు బయటపడింది. అందరం ఊపిరి బిగబట్టి వంగాం. దాని మీద ఉన్నది ఒకే ఒక్క వాక్యం, తరచూ నూనె వేయమని. కంపెనీ పేరు లేదు, ఊరు లేదు.

మా ఆవిడ చెప్పిన మాట వినే మనిషి, చెప్పింది ఫ్యాను అయితే. కుట్టుమిషను నూనె తెచ్చి సందు సందునా పోసింది. మోటారు వీపు మీద ఒక బుడిపె ఉంటుంది. అది దాని ఒంటి తీరే అని ఇన్నాళ్లూ అనుకున్నాం. దాన్ని గీకుతుంటే రంగు టోపీలా ఊడివచ్చింది. లోపల మీట. లాగితే టక్కుమంది. స్విచ్చి వేశాం. గుడ్లగూబ ముక్కుతూ మూలుగుతూ ఇటు నుంచి అటు తిరిగింది. మళ్లీ అటు నుంచి ఇటు.

"రంగు గడ్డకట్టి ఇరుక్కుపోయిందండీ, అంతే" అంది మా ఆవిడ.

వీడియో గ్రూపులో పెట్టాను. సూపర్ అన్నారందరూ. ఇంతకీ ఏ కంపెనీ అన్నారు.

ఆదివారం పొద్దున్నే బెల్లు మోగింది. బాబాయ్. చెప్పులు విడిచి, నన్ను దాటుకుని, నేరుగా ఫ్యాను ముందుకెళ్లి నిలబడ్డాడు. అది తిరుగుతుంటే ఆయన తల కూడా దానితోపాటు తిరిగింది. మా ఆవిడ ఊడిన రంగు టోపీని ఆయన చేతిలో పెట్టింది.

"ఇదేనమ్మా పట్టేసింది?"

"అదే మామయ్యగారూ. మీట మీద ఇంత మందం."

ఆయన దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూశాడు. "వదిన రంగు" అన్నాడు. "రంగు పట్టేసిందని చెప్తే నేను వదిన్ని ఏడిపిస్తానని చెప్పలేదు వెధవ అన్నయ్య. ఏడిపించేవాణ్ణే." కళ్లు తుడుచుకున్నాడు.

పాఠకులారా, ఇప్పుడు నా అసలు బాధ చెబుతాను. ఈ ఫ్యాను ఏ దేశానిదని అడిగారు, ఏ కాలందని అడిగారు, ఇత్తడా కంచా అని అడిగారు. ఎందుకు తిరగదు అని, పెదనాన్న బతికుండగా, నాతో సహా ఒక్కరం అడగలేదు.

ఫ్యాను ఉండిపోయింది. కుట్టుమిషను దాని బల్ల మీదికే ఎక్కింది. ఆ పూట బాబాయ్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఫ్యాను మెడ తిప్పుతూ తన మీదికి రాగానే, లేచి వెనక్కి చెయ్యి పోనిచ్చి మీట నొక్కేశాడు. అది అక్కడే ఆగిపోయింది. గాలి మొత్తం ఆయన మీదికే.

మా ముగ్గురికీ చెమటలు కారుతున్నాయి. మెడ తిప్పు బాబాయ్ అని ఎవరం అనలేదు.