తొమ్మిదో నంబరు ప్లగ్గు

పన్నెండు వేల కిలోమీటర్లకోసారి బండి స్పార్క్ ప్లగ్గుతోపాటు బండి నడిపే ఉద్యోగి ప్లగ్గు కూడా మార్చాలని పురుగుమందుల కంపెనీ నిబంధన కాబట్టి, ఆ గురువారం ఉదయం బొండాడ వీర్రాజుకు సర్వీసింగు పిలుపు వచ్చింది. ఉద్యోగి ప్లగ్గు ఎడమ చెవి వెనక, కాస్త కిందుగా ఉంటుంది. చేరిన రోజునే బిగిస్తారు. జుట్టు కొంచెం పెంచుకుంటే కనిపించదు. ఇందులో వింతేమీ లేదు. కాకినాడలో ఫీల్డు ఉద్యోగం చేసే ప్రతివాడికీ ఉంటుంది. పెళ్ళిచూపుల్లో కూడా ఎవరూ అడగరు.

ప్లగ్గులు మూడు రకాలు. అయిదో నంబరు వేడిది, ఏడు మధ్యరకం, తొమ్మిది చల్లది. అయిదు వేసుకున్నవాడికి కోపమైనా ఏడుపైనా వెంటనే అంటుకుంటుంది. తొమ్మిదైతే మనిషి ఎంత తిరిగినా వేడెక్కడు. డీలరు తిట్టినా, మేనేజరు తిట్టినా సమంగా నడుస్తాడు. ఏది కావాలో ఎంచుకునే హక్కు పూర్తిగా ఉద్యోగిదే. ఫారంలో అందుకోసం మూడు గళ్ళున్నాయి. జూన్ నుంచి సర్వీసింగు షెడ్డుకు తొమ్మిది తప్ప మరొకటి రావడం లేదు గానీ, గళ్ళు మాత్రం మూడూ అలాగే ఉంచారు.

పిలుపు చూసి వీర్రాజు హడలిపోయాడు. సోమవారం విచారణ ఉంది. అతనితో కలిసి ఎనిమిదేళ్ళు తిరిగిన నూకరాజు మూడు వారాల క్రితం పిఠాపురం దారిలో లారీ కింద పడి చనిపోయాడు. ఆ ఉదయం నూకరాజు, ఒళ్ళు కాలిపోతోంది, ఒక్కరోజు సెలవివ్వండని మేనేజరును ఫోనులో బతిమాలుకున్నాడు. అయినా వానలో పంపించారు. ఆ మాటలు పక్కన నిలబడి విన్నది వీర్రాజు ఒక్కడే. ఉన్నది ఉన్నట్టు చెప్తానని నూకరాజు భార్య మంగతాయారుకు ఆసుపత్రి మెట్ల మీద మాటిచ్చాడు. మేనేజరు ఎదురుగా కూర్చుని ఉండగా ఆ మాట గట్టిగా అనాలంటే మనిషిలో కొంచెం మంట ఉండాలి. పాత అయిదో నంబరు సోమవారం దాకా ఉంటే చాలు.

నిజానికి సర్వీసింగుకు ఇంకా తొమ్మిది వందల కిలోమీటర్లుంది. ఎందుకైనా మంచిదని వీర్రాజు స్పీడోమీటరు కేబులు కూడా ఊడదీసి పెట్టాడు. కానీ ఆఫీసు మీటరు చూడదు, టూరు డైరీ చూస్తుంది. ఫీల్డు మనుషులందరి అలవాటు ప్రకారం వీర్రాజు తుని వెళ్ళినా, సామర్లకోట వెళ్ళినా ఇంకో పది కిలోమీటర్లు కలిపి రాస్తాడు. ఆ పదులన్నీ చేరి, డైరీలో అతను పన్నెండు వేలు ఎప్పుడో దాటేశాడు. తప్పు రాశానని ఒప్పుకుంటే ఉద్యోగం పోతుంది. ఉద్యోగంలో లేనివాడి సాక్ష్యం విచారణలో చెల్లదు. ఖర్మ కాకపోతే ఏమిటి!

షెడ్డులో మెకానిక్ సత్తిబాబు ముందు బండి ప్లగ్గు విప్పి చూశాడు. తర్వాత వీర్రాజును స్టూలు మీద కూర్చోబెట్టి అతనిదీ విప్పి, వెలుతురుకు పెట్టి చూశాడు.

“బండిది బిస్కెట్ రంగులో ఉందండి, బ్రహ్మాండం. మీదే బాగా మసి పట్టేసింది. ఏంటండీ, ఈమధ్య మాటలేమన్నా మింగేరా?”

“మా నూకరాజు పోయాడు కదా సత్తిబాబూ.”

“ఆయ్. ఆయనకీ నేనే బిగించేవోణ్ణండి. మంచోడు.”

“మార్చకు నాయనా. గరుకు కాగితంతో రుద్ది, పెట్రోలుతో కడిగి మళ్ళీ అదే బిగించెయ్. సోమవారం దాకా చాలు. నీ కాళ్ళు పట్టుకుంటాను.”

“పూర్వం అలాగే చేసేవోళ్ళమండి. ఇప్పుడు పాతది ఆఫీసుకి అప్పజెప్పాలి.”

“నీకు జాలనేది లేదంట్రా?”

“నాకూ తొమ్మిదేనండి,” అన్నాడు సత్తిబాబు.

వీర్రాజు అయిదో నంబరు గడిలో టిక్కు పెట్టాడు. సత్తిబాబు దాన్ని గౌరవంగా చదివి, ‘స్టాకు లేదు, బదులుగా తొమ్మిది’ అని కింద రాసి సంతకం తీసుకున్నాడు. కొత్త ప్లగ్గును మర పాడవకుండా ముందు చేత్తోనే తిప్పాడు. అతను తిప్పుతున్నంతసేపూ వీర్రాజు కళ్ళు మూసుకుని సోమవారం చెప్పాల్సిన మాటలు వల్లె వేసుకున్నాడు. జ్వరమన్నాడు. సెలవడిగాడు. వానలో పంపారు. ఆఖరున స్పానరు పెట్టి పావు చుట్టు బిగించేసరికి మాటలన్నీ అలాగే ఉన్నాయి. అవి ఎందుకు చెప్పాలో మాత్రం అతనికి తోచలేదు.

సోమవారం పది గంటలకు వీర్రాజు ఇస్త్రీ చొక్కా వేసుకుని విచారణకు వెళ్ళాడు. ఇచ్చిన మాట తప్పలేదు. జ్వరం సంగతి, ఫోను సంగతి, వాన సంగతి, ఒక్కటీ వదలకుండా, గోడౌనులో సరుకు నిల్వ చదివినట్టు చదివాడు.

“ఇందులో మీకేమైనా అభ్యంతరం ఉందా?” అని అధికారి అడిగాడు.

“ఏమీ లేదండి.”

సాక్షికి అభ్యంతరం లేదని రాసుకుని పన్నెండు నిమిషాల్లో ఫైలు మూసేశారు. మేనేజరు వీర్రాజుకు టీ చెప్పాడు. వీర్రాజు తాగాడు.

బయట వరండాలో మంగతాయారు నిలబడి ఉంది. భర్త పోయిన రోజు నుంచి ఆమెకు నిద్ర లేదు, ముద్ద గొంతు దిగడం లేదు. తలుపు సందులోంచి అంతా వింది.

“అన్నయ్యా, ఆ రోజు నాకంటే ఎక్కువ ఏడ్చేవు. ఇంతేనా?”

“అప్పటికి సర్వీసింగు కాలేదమ్మా.”

ఆమె అతని మొహంలోకి చాలాసేపు చూసింది. ఎక్కడా ఏమీ లేదు. తిట్టడానికి తెరిచిన నోరు మెల్లగా మూసుకుంది.

“నొప్పెడతాదా?” అని అడిగింది.

“లేదమ్మా. పది నిమిషాల పని.”

“రాత్రుళ్ళు నిద్ర పడతాదా?”

“పడుతుంది.”

“మరి బండి లేనోళ్ళకి బిగిస్తారా అన్నయ్యా?”

వీర్రాజు నిబంధన గుర్తు చేసుకుని, బండి నడిపే ఉద్యోగికే బిగిస్తారనీ, నూకరాజు ఖాళీ ఇంకా నిండలేదనీ, బండి నడపడం వస్తే ఆ ఉద్యోగం ఆమెకే ఇస్తారనీ సక్రమంగా చెప్పాడు. మంగతాయారు తల ఊపింది.

మర్నాడు పొద్దుటినుంచీ ఆమె వాళ్ళ వీధి వెనక మైదానంలో ఎవరిదో పాత బండి మీద నేర్చుకుంటోంది. పడుతోంది, లేస్తోంది, మోకాళ్ళు రెండూ చెక్కుకుపోయాయి. మొగుడు పోయి నెల తిరక్కుండానే ఎంత ధైర్యం తెచ్చుకుందో చూడండని వీధిలో అందరూ మెచ్చుకుంటున్నారు.