ఆ ఇరవై రెండు డిగ్రీలు ఎవరివి?

"ఒకే వేడికి ఇద్దరికి బిల్లు కట్టే దుస్థితి ఇక ఈ దేశంలో ఏ పౌరుడికీ ఉండదు. ఇది నా మాట. నా మాటంటే ప్రభుత్వం మాట!"

ఇంధన శాఖ ఉప మంత్రి లుచెజార్ ప్రష్కోవ్ గారు ఈ చరిత్రాత్మక ప్రకటన చేసింది మా వెర్బెన్‌గ్రాద్‌లో, పదిహేడో నంబరు బ్లాకులో, లిఫ్టు ముందు. మా లిఫ్టు పనిచెయ్యదు గనక అక్కడ జాగా ఎప్పుడూ ఖాళీయే. నవంబరు చలిలో ఓవర్‌కోటు గుండీ ఒక్కటి కూడా విప్పకుండా ఇరవై నిమిషాలు మాట్లాడారు. ప్రజల కోసం అంతసేపు నిలబడ్డ నాయకుణ్ణి నా అరవై రెండేళ్ళలో నేను చూళ్ళేదు.

నా పేరు డెల్చో. ఈ బ్లాకుకి మేనేజర్ని. అంటే మెట్ల మీద బల్బు పోతే తిట్లు తినేవాణ్ణి. ఉప మంత్రిగారి కృషిని మొదటినుంచి చివరిదాకా పక్కనే ఉండి చూసే భాగ్యం అలా నాకు కలిగింది. పేపరు చదివే నలుగురికీ తెలియాలని రాస్తున్నాను.

తగాదా నాలుగో అంతస్తు సెవ్దా అక్కది. కుట్టుపని చేసి రిటైరైంది, డెబ్భై రెండేళ్ళు. మూడేళ్ళ కిందట గదిలో వేడినీళ్ళతో వెచ్చబెట్టే రేడియేటరు పీకించేసి, కరెంటు హీటరు కొనుక్కుంది. కానీ వేడినీళ్ళ పైపు గోడలోంచి పై అంతస్తుకి వెళ్తుంది. వేడినీళ్ళ కంపెనీ వాళ్ళు వచ్చి థర్మామీటరు పెట్టి చూశారు. ఇరవై రెండు డిగ్రీలు. "మా పైపు వల్లే" అని ఇరవై రెండు డిగ్రీలకీ బిల్లు వేశారు. కరెంటు కంపెనీ వాళ్ళు వచ్చి మీటరు చూశారు. "మా కరెంటు వల్లే" అని వాళ్ళూ ఇరవై రెండు డిగ్రీలకీ వేశారు.

"రెండూ కలిపితే నలభై నాలుగు. ఆ వేడిలో మనిషి బతుకుతాడా నాయనా?" అని అడిగింది సెవ్దా అక్క.

"అది మీ ఆరోగ్య సమస్య" అన్నారు ఇద్దరూ.

ఒకరికి కడితే రెండోవాళ్ళు "మా వేడికి వాళ్ళకెందుకు కట్టావ్? సప్లయీ ఆపేస్తాం" అని నోటీసు పంపేవాళ్ళు. ఆ తర్వాత ఒకళ్ళ మీద ఒకళ్ళు కేసు వేసుకున్నారు. వేడినీళ్ళ కంపెనీ ఏమందంటే, అప్పటికే వెచ్చగా ఉన్న గదిని హీటరు మళ్ళీ వెచ్చబెట్టడం మోసం. కరెంటు కంపెనీ ఏమందంటే, గోడలో దాక్కుని వేడి ఇవ్వడం దొంగ వ్యాపారం.

ఇదంతా ఎన్నేళ్ళయినా సాగేదే. కానీ అక్కకి టైము లేదు. చెల్లెలు మల్వినా నిమోనియాతో మూడు వారాలుగా ఆసుపత్రిలో ఉంది. డాక్టరు ఖచ్చితంగా చెప్పేశాడు: "గది పగలూ రాత్రీ ఇరవై డిగ్రీలుంటేనే ఇంటికి పంపుతాను. లేదంటే కొండల అవతల వృద్ధాశ్రమంలో మంచం ఖాళీగా ఉంది. వచ్చే శనివారం కాక ఆ పై శనివారం పదింటికి బండి వెళ్తోంది." ఆ ఆశ్రమానికి వెళ్ళినవాళ్ళు పండక్కి ఉత్తరం రాస్తారు. రెండో పండక్కి రాయరు. మా వీధిలో అందరికీ తెలుసు.

అక్క ఉప మంత్రిగారి చెయ్యి పట్టుకుని ఈ మాటే చెప్పింది. "బిల్లు సంగతి తర్వాత చూసుకోండయ్యా. నాకు ఆ ముందురోజు శుక్రవారానికి గది వెచ్చగా ఉంటే చాలు."

ఆయన కళ్ళు చెమర్చాయి. "అమ్మా, మీకు వేడి కావాలి. కానీ ఎవరి వేడి? అది తేలకుండా మిమ్మల్ని ఎలా వెచ్చబెట్టమంటారు?" అన్నారు. అక్కడికక్కడే ఏడుగురితో కమిషన్ వేశారు. రెండు కంపెనీల లాయర్లతో కలిపి తొమ్మండుగురు. గది పన్నెండు చదరపు మీటర్లు.

సోమవారం తొమ్మిదింటికి కమిషన్ దిగింది. అధ్యక్షుడు ఇంజనీరు ఝెల్యూ గారు, మెడలో రెండు కళ్ళజోళ్ళు, చేతిలో మూడు థర్మామీటర్లు. అక్క ఇంట్లో చెప్పులు నాలుగు జతలే ఉన్నాయి గనక మిగతా అయిదుగురూ మేజోళ్ళతోనే దేశసేవ చేశారు.

"శాస్త్రీయంగా పోదాం" అన్నాడు ఝెల్యూ. "ఇద్దరి సప్లయీ ఆపేస్తే వేడి పోతుంది. తర్వాత ఒక్కొక్కటే ఇచ్చి చూస్తే ఎవరిదో బయటపడుతుంది."

పైపుకి వాల్వు తిప్పారు. మీటరుకి సీలు వేశారు. తొమ్మండుగురూ కుర్చీలు దగ్గరికి జరుపుకుని వేడి ఎప్పుడు పోతుందా అని చూస్తూ కూర్చున్నారు.

పోలేదు. గంట గడిచింది, ఇరవై ఒకటి. రెండు గంటలు గడిచాయి, ఇరవై రెండు.

"ఇది మా పాత వేడి. గోడల్లో మిగిలింది" అన్నాడు వేడినీళ్ళ లాయరు. సన్నటి మనిషి.

"గోడల్లో మిగిలింది మా కరెంటు" అన్నాడు కరెంటు లాయరు. ఈయన నూట ముప్పై కిలోలు.

"మిగిలిన వేడికి ఎక్స్‌పైరీ డేటు ఉంటుందా?" అని కమిషన్‌లో ఒకాయన అడిగాడు. ఆ ఒక్క ప్రశ్న మీద మంగళవారం గడిచిపోయింది.

అక్క మాత్రం తలుపు దగ్గర నిలబడి ఒకసారి థర్మామీటరు వంకా, ఒకసారి ఆ తొమ్మండుగురి వంకా చూసింది. తర్వాత పక్కింటి వంటింట్లోకి వెళ్ళి, జున్ను పెట్టి కాల్చే పొరల రొట్టె, బానిత్సా, ఒక పెద్ద ట్రే నిండా చేసుకొచ్చింది.

"తినండి నాయనా, తినండి. మొహమాటపడకండి." నా చెవిలో మాత్రం, "ఒరేయ్ డెల్చో, ఆ లావుపాటి లాయర్ని మంచం పక్కన కూర్చోబెట్టు. అక్కడ చల్లగా ఉంది" అంది.

అతిథులంటే ఆవిడకి ఎంత మర్యాదో చెప్పడానికే ఈ మాట రాస్తున్నాను.

కమిషన్ పని వారం దాటింది. ఇంత శ్రద్ధగా పనిచేసే కమిషన్ని మా ఊరు ఎరగదు. ఝెల్యూ గారు గ్రాఫు గీశారు. సిగరెట్టుకని నలుగురు బాల్కనీలో ఊరేసిన క్యాబేజీ పీపా దగ్గరికి వెళ్ళినప్పుడల్లా గదిలో రెండు డిగ్రీలు పడిపోతోంది. దాన్ని "కారణం తెలియని ఒడిదుడుకు" అని రాసుకున్నారు. కారణం ఆలోచించడానికి మళ్ళీ బాల్కనీలోకి వెళ్ళి సిగరెట్టు ముట్టించారు.

రెండో వారం గురువారం, గ్రాఫు చూడ్డానికి ఉప మంత్రిగారే స్వయంగా వచ్చారు.

"సార్, ఇది మామూలు వేడి కాదు" అన్నాడు ఝెల్యూ, గొంతు తగ్గించి. "ఉదయం తొమ్మిదింటికి వస్తోంది. పన్నెండున్నరకి వెళ్ళిపోతోంది. ఒకటిన్నరకి రావాలి, రెండింటికి వస్తోంది. సాయంత్రం ఐదు కొట్టగానే మాయం. శని, ఆదివారాలు అసలు రాదు."

"అంటే?"

"ఏ ప్రైవేటు కంపెనీ వేడీ ఇలా ఉండదు సార్. ఇది ప్రభుత్వం వేడి."

ఉప మంత్రిగారు టోపీ తీశారు. "మనం పౌరులకి వేడి ఇస్తున్నామా?" అన్నారు మెల్లగా. "మనకే తెలియకుండా?"

"పది రోజులుగా సార్."

ఆయన అటు తిరిగి కిటికీలోంచి చాలాసేపు చూశారు. ముందున్న ఏ ప్రభుత్వమూ ఇవ్వలేదు కదా మరి.

శుక్రవారం మధ్యాహ్నం ఆసుపత్రి నర్సు వచ్చి తన థర్మామీటరుతో కొలిచింది. కమిషన్ తుది నివేదిక మీద సంతకాలు చేస్తోంది. ఉప మంత్రిగారు, ఫొటోగ్రాఫర్లు, వెరసి పదిహేనుమంది. ఇరవై ఐదు డిగ్రీలు. "బ్రహ్మాండం! సాయంత్రం పేషెంటుని పంపిస్తాం. రేపు పొద్దున ఎనిమిదింటికి వచ్చి ఇంకోసారి చూస్తా. ఇరవై ఉంటే సరే, లేకపోతే పదింటి బండి" అని చెప్పి వెళ్ళింది.

నివేదిక చదివారు. గదిలో వేడి ఏ కంపెనీదీ కాదు. కాబట్టి రెండు బిల్లులూ రద్దు. చప్పట్లు. వాడని సరుకుకి కనెక్షన్ ఎందుకు? కాబట్టి రెండు కనెక్షన్లూ రద్దు. ఇంకా గట్టిగా చప్పట్లు.

"అయ్యా," అంది సెవ్దా అక్క. "మరి రాత్రికి?"

"రాత్రికి ఏమిటమ్మా?"

"ఆ ప్రభుత్వం వేడి రాత్రిళ్ళు కూడా వచ్చేట్టు చూడండి. మా చెల్లెలు వస్తోంది."

"ఓవర్‌టైముకి బడ్జెట్ లేదమ్మా" అన్నారు ఉప మంత్రిగారు, నిజంగా బాధపడుతూ.

అక్క లాయర్ల వైపు తిరిగింది. "పోనీ మీరైనా ఇవ్వండి బాబూ. పైపు తిప్పండి. సీలు తియ్యండి. ఇద్దరికీ కట్టేస్తాను, నలభై నాలుగుకీ కట్టేస్తాను."

"మేం ఇవ్వలేదని తేలిపోయింది కదమ్మా" అన్నాడు సన్న లాయరు. "ఇవ్వనిదాన్ని మళ్ళీ ఎలా ఇస్తాం?"

"కొత్త కనెక్షన్‌కి అర్జీ పెట్టుకోండి. ముప్పై రోజులు" అన్నాడు లావు లాయరు, కోటు తొడుక్కుంటూ. పది రోజులుగా ఆవిడ బానిత్సా మింగిన మనిషి! నాకు ఒళ్ళు మండింది. కానీ నేను మేనేజర్ని, మర్యాదగా తలుపు తీసి పట్టుకున్నాను.

ఐదు కొట్టింది. ముగ్గురు వెళ్ళారు, పందొమ్మిది. ఇంకో నలుగురు వెళ్ళారు, పదిహేడు. ఐదూ పదికి అంబులెన్సు వాళ్ళు మల్వినాని కుర్చీలో మోసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టారు. నాలుగు అంతస్తులు మోశారేమో, వాళ్ళిద్దరికీ చెమటలు. అక్క వాళ్ళని టీ తాగి వెళ్ళమని ఎంతో బతిమాలింది. ఉండలేదు.

"అక్కా, ఇల్లు చల్లగా ఉందే" అంది మల్వినా దుప్పటిలోంచి.

సెవ్దా అక్క నా వంక చూసింది. ఆ చూపు చూసి నేను ఆ గదిలో నిలబడలేకపోయాను.

మెట్ల మీదకి వచ్చి, పై అంతస్తునుంచి కింది దాకా ప్రతి తలుపూ బాదాను. "సెవ్దా అక్క గదికి రండి. కుర్చీ తెచ్చుకోండి. ఏమీ చెయ్యక్కర్లేదు, ఊరికే కూర్చోండి" అన్నాను. ఎందుకని ఎవరూ అడగలేదు. మా గోడలు పల్చన. పది రోజులుగా అందరూ అన్నీ వింటూనే ఉన్నారు.

ఏడింటికి ఇరవై రెండుమంది పోగయ్యారు. ఆరో అంతస్తు వాళ్ళు మిరపకాయ పచ్చడి సీసాలు తెచ్చారు. రెండో అంతస్తు వాళ్ళు రేగుపళ్ళ సారా తెచ్చారు. మూడేళ్ళుగా మాటల్లేని ఇద్దరు ఒకే బల్ల మీద ఇరుక్కుని కూర్చోవాల్సొచ్చింది, అక్కడే మళ్ళీ పోట్లాడుకున్నారు. అందువల్ల ఇంకో డిగ్రీ పెరిగింది. తెల్లవార్లూ వంతులేసుకుని కూర్చున్నాం.

పొద్దున ఎనిమిదింటికి నర్సు వచ్చింది. ఇరవై ఆరు. "ఏమిటమ్మా ఈ ఉక్క! కిటికీ తియ్యండి, పేషెంటుకి ఊపిరాడద్దూ?" అని కేకలేసి వెళ్ళిపోయింది. పదింటి బండి ఖాళీగా కొండలెక్కింది. సెవ్దా అక్క అందరి ముందూ బోరున ఏడ్చింది. ఆదివారం కూడా కూర్చున్నాం, సోమవారం కూడా.

మంగళవారం నాకు రిజిస్టర్డు ఉత్తరం వచ్చింది. లైసెన్సు లేకుండా నివాస గృహానికి వేడి సరఫరా చేస్తున్నందుకు, మార్కెట్‌లో పోటీని దెబ్బతీస్తున్నందుకు, పదిహేడో నంబరు బ్లాకు సంజాయిషీ ఇచ్చుకోవాలట. కింద రెండు సంతకాలు. ఒకటి వేడినీళ్ళ కంపెనీది, ఒకటి కరెంటు కంపెనీది. రెండూ ఒకే సిరాతో, పక్కపక్కనే.

అదే రోజు ఉప మంత్రిగారు టీవీలో కనిపించారు. మొహం వెలిగిపోతోంది. "ఒకరి మొహం ఒకరు చూసుకోని రెండు సంస్థలు ఇవాళ ఒకే కాగితం మీద సంతకం పెట్టాయి. వివాదం పరిష్కారమైంది!" అన్నారు. ఇంత తక్కువ కాలంలో ఇలాంటి తగాదా తీర్చిన నాయకుడు మన దేశంలో ఇంకొకరు లేరని నేను ఘంటాపథంగా చెప్పగలను.

ఉత్తరంతో పాటు ఒక ఫారం ఉంది. సరఫరాదారు పేరు, బరువు, రోజుకి ఎన్ని గంటలు, ఇకముందు సరఫరా కొనసాగించే ఉద్దేశం ఉన్నదా లేదా. సాయంత్రం సెవ్దా అక్క గదిలో కూర్చుని ఒక్కొక్కరినీ అడిగి నింపాను. చివరి గడిలో అందరూ "ఉన్నది" అనే రాయించారు. బరువు గడిలో మాత్రం ఆడవాళ్ళు కొంచెం తగ్గించారు.

ఒక్క చోట పెన్ను ఆగింది. "అక్కా, మల్వినాని ఏమని రాయను? వినియోగదారనా?"

అక్క నోరు తెరిచేలోపే మంచం మీదనుంచి, దుప్పటి కిందనుంచి, సన్నటి గొంతు వినిపించింది.

"సరఫరాదారనే రాయి డెల్చో. నాకింకా జ్వరం తగ్గలేదు. మీ అందరికంటే ఒక డిగ్రీ ఎక్కువే ఇస్తున్నాను."