గులాబి మాత్రల మగతనం

థక్ బ్యోంగుకి యాభై ఆరేళ్ళు. ఓర్చుకోలేనిది ఒక్కటే. కొరియాలోని దేగులో, కొండమీది నీటి ఊట దగ్గర, కసరత్తుకని పాతిన ఇనప కడ్డీకి వేలాడి డెబ్భై ఏళ్ళ ఛూ పెద్దాయన పన్నెండుసార్లు పైకి లేస్తాడు. ఇతను నాలుగు. అయిదోసారి లేచేవి కనుగుడ్లే.

జిమ్ములో ఒకడు లేబులు లేని సీసా ఇచ్చాడు. గులాబి మాత్రలు. "కండలకి. కాలేయం జాగ్రత్త," అన్నాడు. బ్యోంగుకి మొదటి మాటే వినబడింది.

సీసా మేజోళ్ళలో దాచాడు. మేజోళ్ళు ఉతికేది ఎవరో ఆలోచించలేదు.

నెల తిరక్కుండా పదహారు లేచాడు. పెద్దాయన కడ్డీ వదిలి బల్లమీద కూర్చున్నాడు.

"ఏం తింటున్నావు తమ్ముడూ?"

"చిలగడదుంపలు పెద్దన్నా."

కొండంతా చిలగడదుంపలు తినడం మొదలెట్టింది.

సీసా ఖాళీ అయింది. అమ్మినవాడు ఫోనెత్తలేదు. మర్నాడు కడ్డీ పట్టుకుంటే మూడుకే చేతులు జారాయి. ఇంటికొచ్చి గోడకేసి తిరిగి పడుకున్నాడు.

"ఎవరు పోయారు?" అంది పెళ్ళాం మల్న్యో.

"నేనే. మందు అయిపోయింది."

"ఏ మందు?"

చెప్పాడు. ఆవిడ కేకలెయ్యలేదు. కాగితం పొట్లం తెచ్చి విప్పింది. గులాబి మాత్రలు. ఆరే తక్కువ.

"వారం తిరక్కుండానే మార్చేశాను. నువ్వు మింగింది నా సోయా మాత్రలు, అవీ గులాబివే. ముట్లుడిగాక ఆవిర్లకని డాక్టరు రాసినవి."

"ఆడవాళ్ళవా?"

"ఆడవాళ్ళవే. నాకు ఆవిర్లు, నీకు కండలు."

కాసేపు సిగ్గుపడ్డాడు. మగాడి సిగ్గు ఎంతసేపు? లేచి కూర్చున్నాడు.

"అంటే ఆ బలం నాదేనా?"

"నీదే."

"మందు లేకుండా?"

"చెబుతున్నాగా."

ఛాతీ ఉబ్బింది. ఆవిడ అసలు మాత్రలు చెత్తబుట్టలో పారేసి, కిటికీ తీసింది.

"కిమ్చీ పచ్చడికి ఉప్పు క్యాబేజీ వచ్చి కింద ఉంది. తొమ్మిది పెట్టెలు, ఒక్కోటి ఇరవై కిలోలు. లిఫ్టు ఆగింది. మనది అయిదో అంతస్తు."

బ్యోంగు ఛాతీ దిగింది. "ఆలోచిస్తే... మొదట మింగిన ఆరింటి బలమేనేమో. ఇప్పుడు దిగిపోయింది."

"అలాగా? రేపు ఊట దగ్గర పెద్దాయనకి అదే చెబుతాను."

బ్యోంగు చెప్పులేసుకున్నాడు.

రెండో పెట్టెకి మూడో అంతస్తులో ఆగి, రొప్పుతూ పైకి కేకేశాడు. "ఏమే, ఆ సోయా మాత్రలు ఇంకా ఏమైనా ఉన్నాయా?"