ఇందులో రేడియో కూడా ఉందండీ

ఈ మధ్య వస్తున్న కొత్తరకం రేడియోలను ఆడిపోసుకునేవాళ్ళను చూస్తే నాకు జాలి వేస్తుంది. మీట తిప్పగానే పాడేసేది కూడా ఒక రేడియోనేనా? దానికి మర్యాద తెలుసా? మనం ఎవరమో అడుగుతుందా? పుట్టినరోజు గుర్తుపెట్టుకుంటుందా? చీకట్లో టార్చిలైటై దారి చూపిస్తుందా? కొత్తవి ఇవన్నీ చేస్తాయి. పాట ఒక్కటే కాస్త ఆలస్యమవుతుంది. మంచి పనులు ఆలస్యం కావడం లోకసహజం.

నమ్మకం కుదరనివాళ్ళు మా బావ సంగతి వినాలి.

మా బావ దర్జీ. మా అక్క ఆయన పక్కనే కూర్చుని కాజాలు కుడుతుంది, బొత్తాలు వేస్తుంది. ఇద్దరి మధ్య అలమారు మీద ఒక పాత రేడియో ఉండేది. పొద్దున షట్టర్ ఎత్తగానే బావ దాని చెవి మెలిపెట్టేవాడు. సాయంత్రం షట్టర్ దించేదాకా అది మోగుతూనే ఉండేది. అక్క ఏదైనా చెప్పబోతే, "ఉండవే, వార్తలొస్తున్నాయి" అనేవాడు. వార్తల తరువాత పాటలు, పాటల తరువాత మళ్ళీ వార్తలు. కాపురం సాఫీగా సాగిపోతోంది.

ఒకనాడు ఆ రేడియో చిన్నగా దగ్గి, కాస్త పొగ వదిలి కన్నుమూసింది. రిపేరు షాపతను మూత విప్పి చూసి, "దీనికి సామాన్లు రావట్లేదండీ" అని మళ్ళీ మూసేశాడు. బావకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఆ నిశ్శబ్దంలో ఒక పెద్దమనిషి ప్యాంటుకు రెండూ ఎడమ కాళ్ళే కత్తిరించాడు.

"చిన్నదీ చవకదీ ఒకటి తెచ్చుకోండి," అంది అక్క. "ఇటు తిప్పితే పాడాలి, అటు తిప్పితే ఊరుకోవాలి. అంతకంటే ఏం కావాలి మనకి?"

బావ ఇదే మాట పెద్ద షోరూములో చెప్పాడు. సేల్స్‌మన్ ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, నల్లటి నున్నటి డబ్బా ఒకటి ముందు పెట్టాడు. దానికి మీటల్లేవు, అద్దం ఉంది.

"ఇందులో గడియారం ఉంది సార్, అలారం ఉంది, లైటు ఉంది, వంటలు చెబుతుంది. వెతికితే రేడియో కూడా ఉంది. అన్నిటికంటే ముఖ్యం, మనం మాట్లాడితే వింటుంది."

"నేను వినడానికి కొంటున్నానండీ. అది వినడానికి కాదు," అన్నాడు బావ.

సేల్స్‌మన్ నవ్వి, అట్టపెట్టె విప్పేశాడు. పెట్టె విప్పించాక కొనకుండా లేచి రావడం బావ వంశంలోనే లేదు. ఆఖరున సేల్స్‌మన్, "దీన్ని ఏమని పిలుస్తారు సార్? మీకు బాగా అలవాటైన పిలుపు ఒకటి చెప్పండి," అన్నాడు. బావ జేబు తడుముకుంటూ, తనకు బాగా వినబడే పిలుపేదో అదే చెప్పాడు.

"ఏమండీ."

మర్నాడు దుకాణంలో అక్క తలెత్తకుండానే, "ఏమండీ, ఆ కత్తెర ఇలా ఇవ్వండి," అంది.

"చెప్పండి, వింటున్నాను," అంది డబ్బా. "క్షమించాలి. కత్తెర నా దగ్గర లేదు."

అక్క ఉలిక్కిపడింది. తరువాత కడుపుబ్బా నవ్వింది. ఇన్నేళ్ళ కాపురంలో పిలవగానే ఆమెకు పలికినవాళ్ళలో అదే మొదలు. ఇక బావ వార్తల కోసం అద్దం మీద వేలు రుద్దీ రుద్దీ విసిగిపోతుంటే, అక్క మాత్రం దానితో ఎండల గురించీ, మోకాళ్ళ గురించీ చక్కగా కబుర్లు చెప్పుకునేది. బావకు లోపల్లోపల గుర్రుగానే ఉండేది. కానీ డబ్బాతో తగవేమిటని ఊరుకున్నాడు.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం బావ మిషను తొక్కుతున్నాడు. అక్క సూదిని కంటి దగ్గరికీ దూరానికీ జరిపి జరిపి, చివరికి ఒడిలో పెట్టుకుంది.

"ఏమండీ, సూదిలోకి దారం ఎక్కడం లేదు."

"మీ ఇబ్బంది అర్థమైంది," అంది డబ్బా. "ఎప్పటినుంచి ఇలా ఉంది?"

"చలికాలం నుంచి. కుడికన్ను అంతా పొగమంచులా ఉంటోంది."

"ఇంట్లో ఎవరికైనా చెప్పారా?"

"చెప్పాను," అంది అక్క. "వార్తలొస్తున్నాయన్నారు."

బావ కాళ్ళ కింద మిషను ఆగిపోయింది. ఎదురుగా దండెం మీద వేలాడుతున్న చొక్కా అందుకుని వెలుగులో పట్టుకున్నాడు. గీత గీసినట్టుండే అక్క కాజాలు ఇప్పుడు తాగి నడిచినట్టు వంకర్లు పోయి ఉన్నాయి. వారం కిందటే, దారం నాసిరకం తెచ్చావని ఆమెను దెప్పాడు. అప్పుడు కూడా ఆమె ఏదో చెప్పబోయింది. ఏం చెప్పబోయిందో ఎంత తన్నుకున్నా ఆయనకు గుర్తురాలేదు.

"పద," అన్నాడు.

"ఎక్కడికి?"

"కళ్ళ డాక్టరు దగ్గరికి. నాకు చెప్పకుండా దానికి చెబుతావేమే?" అని, ఆ మాట తన చెవినే పడి, తల దించుకున్నాడు.

డాక్టరమ్మ చూసి, శుక్లం బాగా ముదిరిందనీ, ఇన్నాళ్ళు ఎందుకు రాలేదనీ అడిగింది. "తప్పు నాదేనండీ," అన్నాడు బావ. ఆపరేషన్ చేసి, కంటికి కట్టు కట్టి, కళ్ళు మూసుకుని పడుకోమన్నారు. బావ డబ్బాను దుకాణం నుంచి ఇంటికి తెచ్చి ఆమె మంచం పక్కన పెట్టాడు. రెండోరోజుకే అక్క, "దీన్ని తీసెయ్యండి. పాట పెట్టమంటే ఏ పాట, ఎవరి పాట అని ప్రాణం తోడేస్తోంది. చేత్తో తడిమితే నున్నగా పలకలా ఉంది, ఎక్కడ నొక్కాలో తెలియదు," అంది.

బావ దాన్ని సంచిలో వేసుకుని షోరూముకు వెళ్ళాడు.

"పనిచెయ్యడం లేదా సార్?"

"బ్రహ్మాండంగా చేస్తోంది. నా పని కూడా అదే చేసేస్తోంది. తీసేసుకోండి."

తరువాత వీధి చివర బల్బులూ వైర్లూ అమ్మే చిన్న కొట్టులో, దోమల బ్యాట్ల వెనక దుమ్ముకొట్టుకుని ఉన్న ఒక బుల్లి రేడియో కనబడింది. ఈసారి బావ తొందరపడలేదు. కళ్ళు మూసుకుని మీటలు తడిమి చూశాడు. రెండే ఉన్నాయి, రెండూ వేలికి తగిలాయి. గోడగడియారంలో వేసే బ్యాటరీలే దీనికీ సరిపోతాయో లేదో కనుక్కున్నాడు. వార్తలు పెట్టించి, మాట స్పష్టంగా ఉందని తేల్చుకున్నాడు. పిడి పట్టుకుని ఎత్తి, అక్క చేతికి బరువు కాదనుకున్నాక కొన్నాడు.

అక్క మంచం మీదే చెయ్యి చాపి, చీటికీ మాటికీ దాన్ని తిప్పుకుంటోంది. నేను ఆమెను చూడ్డానికి వెళ్ళినప్పుడు పాటేదో వస్తోంది.

"ఏమండీ," అంది అక్క.

వంటగదిలోంచి బావ గరిటెతోనే పరుగెత్తుకొచ్చి, రేడియో గొంతు తగ్గించాడు. "చెప్పు."

"ఏం లేదు. ఊరికే పిలిచాను."

బావ వెంటనే వెళ్ళిపోలేదు. ఇంకేమైనా చెబుతుందేమోనని కాసేపు మంచం పక్కనే నిలబడ్డాడు.

ఇంత మేలు చేసిన కొత్తరకం రేడియోను కొనమని నేను అందరికీ మనస్ఫూర్తిగా చెబుతాను. నా మట్టుకు నేను, తిరిగి వస్తూ ఆ బల్బుల కొట్టులో ఆగి, బావ కొన్నదాని లాంటిదే ఒకటి ఇమ్మన్నాను.

"అదే ఆఖరిదండీ. ఎవరూ అడగడం లేదని తెప్పించడం మానేశాం," అన్నాడు కొట్టాయన.

"నేను అడుగుతున్నాను కదండీ."

ఆయన అప్పటికే చెవుల్లో ఏవో బిరడాల్లాంటివి పెట్టేసుకుని, చిరునవ్వుతో తల ఊపుతూ మరేదో వింటున్నాడు.