నేను పేషెంటునైన ఆదివారం

నవ్వనని ఒట్టేస్తేనే చెప్తాను. సరే, నవ్వినా చెప్తాను, నాకు మాత్రం ఆగుతుందా?

మా పెళ్లయి మూడు నెలలు. సాయంత్రం మా ఆవిడ తాళం తిప్పిన చప్పుడు వింటే చాలు, నాకు ఆకలి, హుషారు, నవ్వు మూడూ ఒకేసారి వస్తాయి. మాతో పాటు తన అమ్మమ్మ ఉంటుంది. మా ఆవిడను పెంచింది అమ్మమ్మే. ఆరు వారాల కిందట బాత్రూములో జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషనయింది. పక్కన మనిషి ఉంటే వాకర్‌తో నడవచ్చట, ఒంటరిగా మాత్రం లేవకూడదట.

సోమవారంతో మా ఆవిడ సెలవు అయిపోతుంది. ఈలోగా పగలు చూసుకునే మనిషి దొరక్కపోతే పెద్ద మావయ్య వచ్చి అమ్మమ్మను తీసుకెళ్తాడు. మంచివాడే. కానీ ఉండేది మూడో అంతస్తు, లిఫ్టు లేదు.

"ఎక్కడమైతే ఎలాగోలా ఎక్కుతాను నాయనా. దించేటప్పుడు మాత్రం నలుగురు మోయాల్సిందే" అంది అమ్మమ్మ.

నేను నవ్వాను. మా ఆవిడ నవ్వలేదు. తను నవ్వకపోతే నాకు ఊపిరాడదు. అందుకే రంగంలోకి దిగాను.

నేను ఫ్యాన్ల కంపెనీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ని. రోజుకు రెండొందల ఫ్యాన్లు తిప్పి, చెవొగ్గి విని, పాసు చేసేవాణ్ణి. ఒక్క నర్సమ్మను ఎంచలేనా?

"ఆదివారం ముగ్గురొస్తున్నారు. కానీ పరీక్ష అసలు సరుకు మీద పెట్టకూడదు. డమ్మీ కావాలి" అన్నాను.

"డమ్మీ ఎవరు?"

"నేనే. మంచమెక్కి మూలుగుతా. ఎవరెలా చూసుకుంటారో మార్కులేస్తా."

మా ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "డమ్మీ అంటే మీకంటే తగినవాళ్లు ఎక్కడ దొరుకుతారు లెండి!"

పొగడ్తే అనుకున్నాను. కొత్త కాపురంలో తిట్లు కూడా పొగడ్తల్లాగే వినిపిస్తాయి.

"మరి నేనో?" అంది అమ్మమ్మ.

"చుట్టపుచూపుగా వచ్చినట్టు కుర్చీలో కూర్చోండి. ఏమీ మాట్లాడకండి."

అమ్మమ్మా మనవరాలూ ఒకరినొకరు చూసుకున్నారు. రెండొందల ఫ్యాన్లు తనిఖీ చేసేవాణ్ణి, ఆ ఒక్క చూపును తనిఖీ చెయ్యలేదు.

ఆదివారం పదింటికల్లా దుప్పటి కప్పుకుని, ముప్పై రెండు ప్రశ్నల కాగితం దిండు కింద దోపుకుని సిద్ధమయ్యాను.

మొదట మీసాలాయన వచ్చాడు, దుక్కలా ఉన్నాడు. నేను "అబ్బా" అనేలోపే పరుపుతో సహా ఎత్తి అటు తిప్పేశాడు. ఆ తర్వాత గోడకేసి చూస్తూ మూలిగిన మూలుగులో నటన లేదు.

తర్వాత సర్టిఫికెట్లావిడ. పధ్నాలుగు సర్టిఫికెట్లు నా పొట్ట మీద పరిచి, బీపీ చూసి, "చప్పిడి తిండి. కాలు కింద పెట్టకూడదు" అంది.

"మరి బాత్రూముకి?"

"పెట్టకూడదన్నానా!" అని మంచం కిందికి బేసిన్ తోసింది.

గుమ్మం దగ్గర మా ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తను నవ్వడం చూడగానే నా జబ్బు సగం తగ్గిపోయింది. లేని జబ్బే అనుకోండి.

మూడో ఆవిడ తడిసిన గొడుగు గుమ్మం బయటే పెట్టి లోపలికొచ్చింది. నా కళంతా చూపించి మూలిగాను. నా వైపు రెండడుగులు వేసింది, ఆగింది, గిరుక్కున కుర్చీ దగ్గరికెళ్లింది.

"ఆగండాగండి అమ్మమ్మగారూ! పక్కన మనిషి లేకుండా లేస్తారా? నా చెయ్యి పట్టుకోండి."

తల తిప్పి చూస్తే అమ్మమ్మ సగం లేచి ఉంది. వెనకాల మా ఆవిడ రెండు చేతులూ చాచి కాపు కాస్తోంది.

"ఇక్కడ నేను పేషెంటునండీ!" అన్నాను.

"వాకర్ ఆవిడ కుర్చీ పక్కనుంది సార్. మీరేమో కాలు మీద కాలేసుకుని ఉన్నారు."

నేను మెల్లిగా కాలు దించాను.

"ఇక లేవండి, పరీక్ష అయిపోయింది" అంది మా ఆవిడ.

"ముప్పై రెండు ప్రశ్నలు..."

"మాది ఒక్కటే. ఎవరొచ్చినా అమ్మమ్మ 'మంచినీళ్లు తెస్తా' అని లేవబోతుంది. మీసాలాయన చల్లటివి తెమ్మన్నాడు. సర్టిఫికెట్లావిడ తలే ఎత్తలేదు. రెండుసార్లూ నేనే కూర్చోబెట్టాను."

"నాకు వినపడలేదే?"

"మీ మూలుగు ఆగితేగా!"

గొడుగావిడ అమ్మమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "మీకు ఎందాకా నడవాలనుంది?"

ఆరు వారాల్లో ఆ మాట మేమెవరం అడగలేదు. "వీధి చివర పుస్తకాల షాపు దాకా" అంది అమ్మమ్మ.

"నెల పడుతుంది. వెళ్దాం."

అమ్మమ్మ అప్పటికప్పుడే పెద్ద మావయ్యకు ఫోన్ చేసి రావద్దంది. మా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఈ పట్టుకి నేను రోజూ మంచమెక్కడానికైనా సిద్ధమే.

"నేనుండేది పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా" అంది గొడుగావిడ. "ఆరు దాటాక నడిపించేదెవరు? వాళ్లకి ఇవాళే నేర్పాలి."

నేను కాగితం చేతిలోకి తీసుకుని గొంతు సవరించుకున్నాను. "దానికి వచ్చే ఆదివారం ఇంకో ముగ్గుర్ని పిలిచి..."

"అక్కర్లేదమ్మా" అంది అమ్మమ్మ గొడుగావిడతో. "ఆ డ్యూటీకి మూడు నెలల కిందటే మనిషిని చూసి మరీ తీసుకున్నాం. ఈ అబ్బాయి అది పెళ్లనుకున్నాడు. రా నాయనా, చెయ్యి ఇలా ఇవ్వు."