టర్బో కారుకు ముందస్తు క్షమాపణలు

మంగళవారం ఉదయం ఏడింటికి భార్య చిజురును నీగాతా రైలెక్కించి, కురిబయాషి మోరియో స్టేషన్ బయటే జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. ఆ వారం పనులు మరోసారి చదువుకున్నాడు. ఇంటి పక్క స్థలం ఖాళీ చేయాలి. వీధిలో వాళ్లకు మిఠాయి పంచాలి. బుధవారం కొలతల మనిషి వస్తాడు. శనివారం కారు వస్తుంది. ఆదివారం చిజురు వస్తుంది. అంతే, నున్నటి రోడ్డులా ఉంది పథకం. పురపాలక నీటి సరఫరా విభాగంలో ముప్పై మూడేళ్లుగా పనిచేస్తున్న మనిషి, పెళ్లాం దగ్గర ఒక్క విషయమూ దాచి ఎరగడు. అందుకే కాబోలు, అంత ధైర్యంగా ఉన్నాడు.

కారంటే మామూలు కారు కాదు. ముప్పై ఏళ్ల నాటి తెల్లటి రెండు తలుపుల టర్బో కారు. కుర్రతనంలో అకాగి కొండ మలుపుల్లో మోరియో దాని వెనక దీపాలే చూశాడు. ఎందుకంటే అది ఎప్పుడూ ఇతని డొక్కు బండిని దాటి పోతూనే ఉండేది. పెళ్లయ్యాక కొందామనుకున్నాడు. అప్పుడు చిజురు కడుపుతో ఉంది. "ఆ కారు కావాలా, మేం కావాలా?" అని ఒకే ఒక్క మాట అడిగింది. మోరియో నోరు మూసుకున్నాడు. ఆ కడుపులోని పిల్ల పెరిగి పెద్దదై ఒసాకాలో ఉద్యోగం చేస్తోంది, ఇతను మాత్రం ఇంకా నోరు తెరవలేదు.

ఇన్నాళ్లకు అలాంటి కారే పక్క ఊళ్లో దొరికింది. అమ్మే తోకురా గారు డెబ్బై ఎనిమిదేళ్ల పెద్దాయన, ఒంటరివాడు. ఆయన రెండే మాటలు చెప్పాడు. మొదటిది, కారు నిలపడానికి చోటుందని పోలీసుల దగ్గర ధ్రువపత్రం శనివారం లోపల తేవాలి. అది లేనిదే బండి కొన్నవాడి పేరు మీదికి మారదు. అవతల రేవులో పాత కార్లు విదేశాలకు పంపే వ్యాపారి ఒకడు ఓడెక్కించడానికి సిద్ధంగా కూర్చున్నాడు.

"రెండోది, ఇంట్లో ఆవిడకు ఇష్టమేగా?" అని అడిగాడు తోకురా గారు.

"ఇష్టమేనండీ" అన్నాడు మోరియో. చెవులు రెండూ ఎర్రబడ్డాయి.

"నేను మా ఆవిడకు చెప్పకుండా కొన్నాను బాబూ. పద్నాలుగేళ్లు ఒక్కసారి కూడా ఇందులో ఎక్కకుండానే కన్నుమూసింది. మీ ఆవిడకు ఇష్టం లేకపోతే మాత్రం నీకివ్వను. ఓడెక్కినా సరే."

మోరియో ఆ రోజంతా ఇంటి పక్క స్థలం ఖాళీ చేశాడు. చిజురు పూలకుండీలు, చనిపోయిన తన తల్లి బట్టల బీరువా, కూతురి బడి సైకిలు, చలికాలం బల్ల, అన్నీ ఈడ్చుకొచ్చి వాకిట్లో పేర్చి పైన నీలం పరదా కప్పాడు. నడుం పట్టేసింది. అయినా మొహం కడుక్కుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, ఏడు డబ్బాల మంజూ మిఠాయితో వీధిలోకి బయలుదేరాడు. టర్బో బండి పొద్దున్నే గుర్రుమంటే ఇరుగుపొరుగు ఏమంటారు? ముందే వెళ్లి తలవంచితే ఏమీ అనరు. ఎదురింటి హటానో గారి గుమ్మమే మొదటిది.

"ఇకమీదట మావల్ల మీకు కాస్త చప్పుడూ ఇబ్బందీ తప్పవండీ. ముందే క్షమించమని అడగడానికొచ్చాను" అని నడుం వంచాడు. కారు అన్న మాట ఎత్తలేదు. హటానో గారికి చెబితే చిజురు ఫోనులో పడటానికి పావుగంట చాలు.

"అయ్యో, ఎంతమాట! ఇరుగుపొరుగన్నాక ఆమాత్రం ఉండదా? చిజురు గారు పెద్ద పెట్టెతో వెళ్తుంటే చూశాను..."

"చెల్లెలింటికండీ. కొన్నాళ్లు."

హటానో గారు కళ్లు దించుకుంది. ఎందుకని అడగలేదు. అలా అడగడం ఆ వీధిలో మర్యాద కాదు. అడగకుండా కనిపెట్టడమే మర్యాద. ఇక ఆ వీధిలో మిఠాయి డబ్బాతో వచ్చి సరిగ్గా ఆ మాటలే అనేవాళ్లు ఎవరంటే, ఇల్లు కూల్చబోయేవాళ్లు. పాపం, మోరియోకు ఆ సంగతే తోచలేదు.

బుధవారం కారు చోటు చూడటానికి పోలీసుల తరఫున, లేతరంగు దుస్తుల్లో కొలతల మనిషి వచ్చాడు. టేపు పరిచాడు. పొడవు, వెడల్పు, గేటు, రోడ్డు, అన్నీ కొలిచి కాగితం మీద రాసుకున్నాడు. హటానో గారు తన కిటికీ తెర వెనక ఒళ్లంతా కళ్లు చేసుకుని నిలబడింది. మధ్యాహ్నానికి ఇల్లు కూలుస్తున్నారని తేలింది. సాయంత్రానికి స్థలం అమ్మేశారని తేలింది. చీకటి పడేలోపు, ఆలూమగలు విడిపోయారనీ, తల్లి బీరువా కూడా ఆ మహానుభావుడు వాకిట్లో పారేశాడనీ ఖాయమైపోయింది.

గురువారం నుంచీ గుమ్మం దగ్గర కానుకలు మొదలయ్యాయి. ఒకరు ఉల్లికాడల కట్ట, ఒకరు తువ్వాళ్లు, ఇంకొకరు ఏకంగా కర్బూజా. "మనసు గట్టిచేసుకోండి" అన్నారు అందరూ. ఒక్క మిఠాయి డబ్బాకు ఇంత మంచితనమా అని మోరియో గుండె కరిగి నీరైంది. ఇంత మంచివాళ్లని తెలిస్తే పాతికేళ్ల కిందటే కారు కొనేవాణ్ణి కదా అనుకున్నాడు.

శుక్రవారం ధ్రువపత్రం చేతికొచ్చింది. కూనిరాగం తీస్తూ వస్తుంటే గేటు దగ్గర వీధి సంఘం పెద్ద ఇసోగాయ్ గారు నిలబడి ఉన్నాడు. ఎనభై దాటిన మనిషి, కర్రలా నిటారుగా ఉంటాడు.

"ఈ వారం వీధి చెత్త చోటు ఊడ్చే వంతు మీది. ఆ వంతు పలక ఇలా ఇచ్చేయండి. ఇక మీకెందుకు శ్రమ" అన్నాడు.

మోరియో ధ్రువపత్రం వీపు వెనక దాచాడు. ఆ వీధిలో చెత్త వంతు తీసేశారంటే మనిషిని లెక్కలోంచి తీసేసినట్టే. కారు సంగతి బయటపడింది!

"మీకు... ఎవరు చెప్పారండీ?"

"ఎవరూ చెప్పలేదు. వీధంతటికీ తెలుసు. పైకి మాత్రం అనం."

"బాబ్బాబు, మా ఆవిడతో మాత్రం అనకండి!"

ఇసోగాయ్ గారి కనుబొమలు నుదుటి మీదికి పోయాయి. "ఆవిడకు తెలియకుండానా?"

"ఆదివారం వచ్చాక కళ్లారా చూస్తుందండీ. అప్పుడు తిట్టినా కొట్టినా చేసేదేముంది? ముందే చెబితే సాగనివ్వదు."

ఆ పెద్దాయనకు అంతా అర్థమైపోయింది. పెట్టె పట్టుకుని ఆడమనిషి వీధి మలుపు తిరిగేసరికి, ఇల్లుండాల్సిన చోట మట్టిదిబ్బ ఉంటుందన్నమాట! చెత్త పలక చంకలో పెట్టుకుని తిన్నగా హటానో గారింటికి నడిచాడు. అడగడం మర్యాద కాదు గానీ, చెప్పకపోవడం పాపమని ఇద్దరూ తీర్మానించారు. ఆ నిమిషమే నీగాతాకు ఫోను వెళ్లింది.

శనివారం మధ్యాహ్నం రెండింటికి మోరియో వాకిట్లో నీళ్లు చల్లుతున్నాడు. టాక్సీ వచ్చి ఆగింది. చిజురు దిగింది. మోరియో చేతిలో గొట్టం అలాగే ఉంది. నీళ్లు తన చెప్పుల మీదే పడుతున్నాయి.

చిజురు ముందు ఇంటి వంక చూసింది. పైకప్పు నుంచి గుమ్మం దాకా చూసింది. "ఇల్లుంది!" అని అక్కడే పెట్టె మీద కూలబడింది.

"ఉండక ఎక్కడికి పోతుంది?"

"మీరే చెప్పాలి! అమ్మేశారటగా? నన్ను కూడా వదిలేశారటగా? రైల్లో మూడు గంటలు ఏడ్చుకుంటూ వచ్చానండీ, పక్కనావిడ నాకు బిస్కెట్లు పెట్టింది!"

"ఎవరన్నారే బాబూ!"

"కూల్చే యంత్రం ఇంకా రాలేదమ్మా, ధైర్యంగా ఉండు" అంటూ ఇసోగాయ్ గారు వచ్చాడు. వెనకాలే హటానో గారు, ఆ వెనక మిగతా వీధి. సరిగ్గా అప్పుడే మలుపు దగ్గర గుర్రుమని లోతైన చప్పుడు వినిపించింది. "వచ్చేసింది!" అని కేకపెట్టి ఇసోగాయ్ గారు రోడ్డు మధ్యలో చేతులు రెండూ చాచి నిలబడ్డాడు. ఎనభై దాటిన మనిషి, ముందు నన్ను తొక్కించి తరవాత ఇల్లు కూల్చుకోండన్నట్టు ఉన్నాడు.

మలుపు తిరిగి వచ్చింది మాత్రం తళతళలాడే తెల్లటి కారు. బుద్ధిగా ఆయన మోకాళ్లకు బారెడు దూరంలో ఆగింది. తోకురా గారు దిగి టోపీ తీశాడు. గుంపునూ, వాకిట్లో బీరువానూ, ఏడ్చిన ఆడమనిషి కళ్లనూ వరసగా చూశాడు. ఆయన మొహంలో రంగు మారింది.

"కురిబయాషి గారి ఇల్లాలు మీరేనా అమ్మా? ఒక్క మాట అడుగుతాను. ఈ కారు మీకు ఇష్టమయ్యే కొంటున్నారా?"

వీధి వీధంతా చిజురు వైపు తిరిగింది. మోరియో కళ్లు మూసుకున్నాడు. ముప్పై ఏళ్ల కల ఓడెక్కడం కళ్లకు కట్టింది. ఎక్కితే ఎక్కనీ. చిజురును మూడు గంటలు ఏడిపించాను కదా. ఆ సిగ్గు ముందు కారేపాటి?

చిజురు కారును చూసింది. మొగుణ్ణి చూసింది. తడిసిన చెప్పులతో, చేతిలో గొట్టంతో, యాభై ఆరేళ్ల మనిషి బడిలో దెబ్బలకు చెయ్యి చాపిన పిల్లాడిలా నిలబడ్డాడు. నలుగురిలో మొగుడి పరువు తీయడం ఆవిడ ఎరగదు. ఇంట్లో తీయడం వేరే సంగతి.

"ఇష్టమేనండీ. నేనే కొనమన్నాను" అంది కళ్లు తుడుచుకుని. తరవాత గొంతు తగ్గించి, "అప్పుడెప్పుడో కడుపుతో ఉండి ఏదో అన్నానని ఇన్నేళ్లు మోస్తారటండీ? మళ్లీ ఒక్కసారి అడగడానికి నోరు లేదూ?" అంది. మోరియోకు నిజంగానే ఏడుపొచ్చింది.

"అయితే ఒక్క చుట్టు తిప్పి చూపించు బాబూ" అని తోకురా గారు తాళంచెవి అందించాడు. అందరూ దారిచ్చారు. మోరియో కూర్చున్నాడు. ఇరవై అయిదేళ్లుగా గేర్లు లేని బండే నడిపిన ఎడమకాలు దేన్ని ఎంత తొక్కాలో మరిచిపోయింది. కారు ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది. మళ్లీ గెంతింది, మళ్లీ ఆగింది. మూడోసారికి ఇసోగాయ్ గారు మర్యాదగా ఆకాశం వంక చూశాడు.

"దిగండి" అంది చిజురు.

"నీకేం వచ్చు? ఇది టర్బో!"

"మా నాన్నగారి కొంజాకు దుంపల పొలంలో లారీకి గేర్లు మీ తాతగారొచ్చి వేశారా? జరగండి."

మోరియో దిగి అటువైపు వెళ్లి కూర్చున్నాడు. కారు వెన్నలా కదిలింది. వీధి చివర దాకా నెమ్మదిగా వెళ్లింది, మలుపు తిరగ్గానే మాత్రం ఒక్క అరుపు అరిచింది. అది ఇంజనుదో, మోరియోదో వెనక మిగిలినవాళ్లకు తెలియలేదు. ఒక్క చుట్టు అనుకున్నది గంటన్నర పట్టింది. తిరిగొచ్చేసరికి చిజురు బుగ్గలు రెండూ ఎర్రగా ఉన్నాయి, తాళంచెవి ఆవిడ చేతిసంచీలోకి వెళ్లిపోయింది. తోకురా గారు ఆవిడకు మూడుసార్లు తలవంచి, తేలికపడ్డ మొహంతో బస్సెక్కి వెళ్లాడు.

కల నెరవేరిందా అని ఆఫీసులో ఎవరైనా అడిగితే మోరియో నెరవేరిందనే చెబుతాడు, కాకపోతే ఎడమవైపు సీట్లోంచి.